మూల చింపిన కార్డు

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్లేసరికి నేను గెలిచి కూర్చున్నాను. మీసం ఉంటే మెలేసేవాడినే.

కొత్తగా ఈ కథలోకి వచ్చిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు సారంగపాణి. వరంగల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతాను. పదిహేను రోజులకోసారి "మా వాడ కబురు" అని రెండు పేజీల పత్రిక సైక్లోస్టైల్ చేసి పంచుతాను. నల్లా రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా అందులో ఎవరో ఒకరిని దులిపితే గాని నాకు అన్నం సహించదు. ఎనభై నాలుగు మేడారం జాతరలో సికింద్రాబాద్ వాళ్ల టానిక్ కంపెనీ ఒకటి, వజ్రకాయ ఫార్మసీ అని, అడ్రసు చెప్పిన ప్రతి మనిషికీ ఒక దువ్వెన ఊరికే ఇచ్చింది. మా వాడలో సగం ఇళ్లకు నంబర్లు లేవు. అందరూ "కేరాఫ్ సారంగపాణి టైపు ఇన్‌స్టిట్యూట్" అని చెప్పి దువ్వెనలు పుచ్చుకుని వచ్చారు. ఆ దువ్వెనల పుణ్యమా అని ఏడాదిగా వారం వారం కంపెనీ కార్డులు నా గడపలో వచ్చి పడ్డాయి.

అవి మామూలు కార్డులైతే నాకింత మండేది కాదు. నాలుగు మూలలా పసుపు పూసినట్టు రంగు అచ్చేసి పంపేవాళ్లు. పసుపు మూలల కార్డు వచ్చిందంటే పెళ్లి కబురే అనుకుని ఆడవాళ్లు పనులు మానుకుని చదివించుకోవడానికి పరుగెత్తుకొచ్చేవాళ్లు. ముసలి కట్టమ్మ అయితే మనవరాలికి సంబంధం కుదిరిందని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చింది. చదివితే "మీ నరాల బలహీనతకు వజ్రకాయ" అని ఉంది. ఆమె మొహం చూడలేక నేనే తల దించుకున్నాను.

వద్దు మహాప్రభో, పంపకండి అని మూడు ఉత్తరాలు రాశాను. "మీ పేరు మా జాబితా నుండి తొలగించడమైనది" అని జవాబు వచ్చింది. అదే టపాలో నా పేరు మీద ఒక కార్డు, నా భార్య సావిత్రి పేరు మీద ఇంకో కార్డు వచ్చాయి.

అప్పుడు నా పత్రికలో రాశాను: "దొంగ పసుపు పూసి వాళ్లు పంపుతున్నారు. మూల చింపి మనం వాపసు పంపుదాం!" చావు కబురు రాసిన కార్డుకు మూల చింపుతారని మనలో తెలియని వాళ్లెవరు? ఆ కార్డు అందితే చదివి బయటే పారేస్తారు, గడప దాటనివ్వరు. కంపెనీ మా పాలిట చచ్చిందని చెప్పడానికి అంతకన్నా మంచి దారి లేదని నాకు నేనే వీపు తట్టుకున్నాను. సావిత్రి మాత్రం ఆ స్టెన్సిల్ కోసిన రోజే అంది, "చావు కార్డుతోని పరాచికాలేంది, వేరే ఏదన్న చెయ్యుండ్రి" అని. "నీకు పత్రికల సంగతి తెల్వదు ఊరుకో" అన్నాను. అన్నాను గదా, ఇప్పుడు ఎన్నిసార్లు నాలిక కరుచుకుంటే ఏం లాభం?

వాడకు వచ్చిన కార్డులన్నీ పోస్టుమాన్ ఉప్పలయ్య నా బల్ల మీద పోసేవాడు. నేను మూలలు చింపేవాడిని. చింపినవి ఒక కుప్ప, చింపాల్సినవి ఒక కుప్ప. నూరు కాగానే కట్ట కట్టి "తీసుకోము" అని రాసి ఉప్పలయ్య చేతికిస్తే కంపెనీకి వాపసు పోయేవి. ఫిబ్రవరి ఐదో తారీఖున అయిదో కట్ట పోయింది. అయిదు వందల కార్డులు! ఆ రోజు వాడంతటికీ లడ్డూలు పంచాను. పోయిన వారం మీరు చదివింది ఆ లడ్డూల సంగతే.

ఇప్పుడు ఈ బుధవారం సంగతి వినండి.

పొద్దున పది గంటల బ్యాచి వెళ్లిపోయింది. రిబ్బన్ మారుస్తూ వేళ్లంతా నలుపు చేసుకుని కూర్చున్నాను. సఫారీ వేసుకుని, చంకలో తోలు సంచి పెట్టుకుని యాభై ఏళ్లాయన ఒకరు గడప బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సారంగపాణి గారంటే మీరేనా? నా పేరు కిషన్ రావు. వజ్రకాయ ఫార్మసీ నుంచి వచ్చిన."

నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. వచ్చాడు! కంపెనీ నా గడపకు వచ్చింది! కుర్చీ చూపించి, లోపలికి వినపడేట్టు కేకేశాను.

"సావిత్రీ, రెండు చాయ్ పెట్టు! వజ్రకాయ వాళ్లు వచ్చిండ్రు మనింటికి!"

ఆయన కూర్చున్నాడు. సావిత్రి ఒక గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టి, రెండోదానికి లోపలికి వెళ్లింది. గోడ మీద నేను అతికించుకున్న నా పత్రిక సంచికలు చూశాడు. అందులో తమ కంపెనీని నేను తిట్టిన తిట్లు కూడా చదివాడు. మొహంలో కోపం లేదు. అదే నాకు కొంచెం నచ్చలేదు. ఓడిపోయినవాడికి కాస్త కోపమైనా ఉండాలి కదా.

"కార్డులు బంద్ చేసినం సార్" అన్నాడు. "మీ వాడకు ఇగ ఒక్కటి గూడ రాదు. వద్దన్నోళ్లకు పంపుడు మా తప్పే. మా మేనేజరు ఒప్పుకోడు గని, నేను ఒప్పుకుంట."

"మరి ఆ మాట రాసిస్తారా? మా పత్రికలో వేస్తాను" అన్నాను. తర్వాతి సంచికకు పెద్దక్షరాల హెడ్డింగు అప్పటికే మనసులో కొట్టేశాను: వజ్రకాయ వంగింది.

"ఇస్త. కని నేను దానికోసం రాలె."

తోలు సంచి విప్పి ఒక కవరు తీశాడు. కవర్లోంచి కార్డు తీసి నా బల్ల మీద మెల్లగా, నా వైపు తిప్పి పెట్టాడు.

"మీరు పంపిన అయిదో కట్టల ఇది వచ్చింది. ఆ కట్ట ఇరువై రోజులు మా ఆఫీసుల మూలకు పడి ఉండె. మొన్న సోమవారం నిర్మల అని మా దగ్గర పనిచేసే పిల్ల ఇప్పి చూసింది. చూసి ఏడ్చింది సార్. పారేద్దామంటే చేతులు రాలేదట. పోస్టుల వేద్దామంటే మళ్ల ఇదే కట్టల వాపసొస్తదేమోనని భయపడ్డది. అందుకే నేను తెచ్చిన."

కార్డుకు కుడివైపు పై మూల చింపి ఉంది. మిగిలిన మూడు మూలలూ తెల్లగా ఉన్నాయి. వాటి మీద పసుపు లేదు. అచ్చు లేదు. చేతిరాత ఉంది.

"తోబుట్టువు యాకమ్మకు భీవండి నుంచి అన్న రాయమల్లు రాయించునది. నిన్న బేస్తవారం నాడు పొద్దుగూకంగ అమ్మ కాలం చేసింది. పదో దినం వచ్చే శనివారం. ఎట్లన్న బయలెల్లి రా. ఆఖరుకు నీ పేరే తీసింది."

మూడుసార్లు చదివాను. అక్షరాలు అవే ఉన్నాయి.

యాకమ్మ మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమలు తీసే కూలి. మొగుడు పోయి చాలా ఏళ్లైంది. ఆమె తల్లి తన కొడుకు రాయమల్లుతో పాటు బొంబాయి దగ్గరి భీవండి పోయింది. అక్కడ రాయమల్లు మరమగ్గాల మీద పని చేస్తాడు. యాకమ్మకు అక్షరం ముక్క రాదు. తల్లికి ఉత్తరం రాయించుకోవాలన్నా, వచ్చింది చదివించుకోవాలన్నా నా దగ్గరికే వస్తుంది.

ఎట్లా జరిగిందో నాకు వెంటనే గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే ఎంత బాగుండేది! అయిదో కట్ట పోయిన ఆ మంగళవారం ఉప్పలయ్య సంచి దింపుతూ, "సారూ, ఇందుల బొంబాయి దిక్కు కార్డు ఒకటున్నది, జర చూసుకోండ్రి" అన్నాడు. లడ్డూల బుట్ట చేతిలో ఉంది నాకు. "పెట్టు పెట్టు, చూస్తా" అన్నాను. తర్వాత కుప్పలోంచి ఆ కార్డు నా చేతికే వచ్చింది. మూల చింపి ఉంది కాబట్టి నేను చింపేసినదే అనుకున్నాను. చింపినవాటి కుప్పలో పడేశాను. కట్ట కట్టాను. ముడి వేసింది కూడా నేనే, ఊడకుండా రెండుసార్లు వేశాను.

ఆ రోజు యాకమ్మ మా గుమ్మంలో నిలబడి లడ్డూ తింది. తల్లి పోయి ఆరు రోజులు. ఇంకొక లడ్డూ ఆమె కొంగులో కట్టి నేనే పంపాను.

"ఆమె ఇల్లు యాడనో చెప్పుండ్రి" అన్నాడు కిషన్ రావు. "నేనే పోయి ఇచ్చి, ఓ దండం పెట్టి, చెప్పి పోత."

"మీరెందుకు!" అన్నాను. "మీరు... అంటే, పరాయివాళ్లు చెప్పడం బాగుండదు. నేను చెప్తాను."

"మంచిది. మీరే చెప్పుండ్రి."

ఆయన లేవబోయాడు. అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మీరు నన్ను ఎంత తిట్టుకున్నా సరే, ఇది దాచను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"కిషన్ రావు గారూ, ఈ కార్డు మీ కట్టలో వచ్చిందని... మీ ఆఫీసులో ఆ అమ్మాయికీ మీకూ తప్ప ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"తెలియకుండా ఉంటే బాగుంటుంది."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను గోడ మీది పత్రికల వైపు చూశాను. పేరు పోతుంది. వాడ నవ్వుతుంది. ఊళ్లో అందరినీ దులిపిన సారంగపాణి చావు కబురు మింగాడని చెప్పుకుంటారు. యాకమ్మ దుఃఖం కన్నా ముందు నాకు అదే తట్టింది. తట్టిందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగలేదు.

"కావాలంటే మీకేం రాసిమ్మంటారో రాసిస్తాను" అన్నాను. "ఉద్యమం మానేశానని. కంపెనీ తప్పేం లేదని. మీ ఇష్టం."

"నేను అడగలె గద సార్?"

"నేనే ఇస్తున్నాను."

ఆయన సంచి మూత వేశాడు. తమ మేనేజరు పదిరోజుల నుంచి వకీలు నోటీసు పంపుతానని ఎగురుతున్నాడు, ఇట్లాంటి కాగితం ఒకటి ఉంటే అది ఆగుతుంది అని మాత్రం అన్నాడు. అంతే చాలింది నాకు. నా మిషన్ మీదే, మసి అంటిన వేళ్లతో, నేనే టైపు కొట్టాను. "వజ్రకాయ ఫార్మసీ వారిపై మా పత్రికలో రాసినవి అపార్థం వలన రాసినవి." అపార్థం అట! ఏడాది పాటు అక్షరం అక్షరం నిజం రాసి, ఆ ఒక్క వాక్యంలో అబద్ధం కొట్టాను. సంతకం పెట్టాను.

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. చాయ్ ముట్టలేదు. చెప్పుల్లో కాళ్లు పెడుతూ వెనక్కి తిరిగాడు.

"వద్దన్నా పంపినం, అది మా తప్పు. కట్ట ఇప్పకుండ ఇరువై రోజులు పడేసినం, అది గూడ మాదే. ఇది మాత్రం మాకు అంటగట్టకుండ్రి." గోడ మీది పత్రికల వైపు చెయ్యి చూపించాడు. "మీ రాతలు నేను ప్రతి సంచిక తెప్పించుకుని చదివేటోణ్ణి సార్. మీరు గిట్ల అడుగుతరనుకోలె."

తిట్టినా బాగుండేది.

ఆయన సందు మలుపు తిరిగాడో లేదో కర్టెన్ పక్కకు జరిగింది. సావిత్రి రెండో చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అది ఎప్పుడో చల్లారిపోయి, పైన మీగడ కట్టింది. అంటే మొదటి నుంచీ విన్నది.

"ఆయన అడగనే లేదు" అంది. "మీరే అమ్ముకున్నరు."

"అమ్ముకోలేదు. టైము తీసుకున్నా. సాయంత్రం నేనే పోయి మెల్లగా చెప్తాను."

"మెల్లగ ఎట్ల చెప్తరో జర నాకు చెప్పుండ్రి, నేర్చుకుంట."

ఆమె గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి రోజులు చూసింది.

"పదో దినం ఎట్లాగూ పాయె. శనివారం నెల మాసికం. రేపు పొద్దున కాజీపేటల బండెక్కితే శుక్రవారానికి భీవండిల దిగుతది. ఇయ్యాల చెప్తేనే ఆమె పనిలకెల్లి సెలవడిగి, బట్టలు సర్దుకుని బయటపడేది. మీరు సాయంత్రం అంటరు, సాయంత్రం వస్తే పొద్దుగాల అంటరు. మీ సంగతి నాకెరుకే. ఆ అన్న ఏమనుకుంటాండో ఎరుకనా మీకు? తల్లి పోతే సుత రాలేదు, గిదేం చెల్లె అనుకుంటాండు. గందుకే మళ్ల కార్డు రాయలేదాయన."

"సావిత్రీ..."

"నేను చెప్పనా, మీరు చెప్తరా?"

"నేనే చెప్తాను."

"అమ్మ పోయిందని చెప్పుడు కాదు. కార్డు ఎవరి చేతుల ఆగిందో గది గూడ చెప్పాలె. లేకుంటే అన్నకు ఏం జవాబు చెప్పుకుంటదామె?"

అవును. అసలు చెప్పలేనిది అదే. చావు కబురు ఎవరైనా చెప్పొచ్చు. నా పేరు చెప్పకుండా ఈ కబురు చెప్పడానికి దారి ఉందేమోనని ఆ పావుగంటలో నేను వెతకని దారి లేదు. పోస్టులో ఆలస్యం అనొచ్చు. ఉప్పలయ్య మరిచాడు అనొచ్చు. కంపెనీ దాచింది అనొచ్చు. ప్రతి అబద్ధానికీ ఒక మనిషి బలి కావాలి. అందులో ఉప్పలయ్య పేరు దగ్గర నేను కాసేపు ఆగాను కూడా. ముగ్గురు పిల్లల తండ్రి. జర చూసుకోండ్రి అని చెప్పిన మనిషి.

"సారూ, ఉన్నవా?"

యాకమ్మ గొంతు.

గుమ్మంలో నిలబడి రెండుసార్లు తుమ్మింది. మిరప యార్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది. చీర కుచ్చిళ్ల దాకా ఎర్రటి దుమ్ము. కొంగున ఏదో మూట.

"ఇయ్యాల సరుకు తక్కువొచ్చింది సారూ, జల్దిన ఇడిసిండ్రు. గీ ఎండుకాయలు అక్క కోసం తెచ్చిన." కొంగులోంచి గుప్పెడు మిరపకాయలు తీసి సావిత్రి చేతిలో పోసింది. "అక్కా, మొఖం గట్లున్నదేంది? ఒంట్ల మంచిగ లేదా?"

సావిత్రి నా వైపు చూసింది.

"అమ్మకు ఓ కార్డు రాయి సారూ" అంది యాకమ్మ, బల్ల ముందు కింద కూర్చుంటూ. "నెల దాటింది, అన్న కార్డు ముక్క రాయలె. కోపం వచ్చిందో ఏమో. దసరకు రమ్మంటే పోలేదు గద నేను. అన్న కోపానికేం గని, అమ్మకు ఫికరుంటది."

నేను చెప్పాలి. నోరు తెరిచాను. తెరిచి, సొరుగు లాగి కొత్త కార్డు తీశాను. కలం విప్పాను.

"చెప్పు" అన్నాను.

"అమ్మకు యాకమ్మ దండాలు పెట్టి రాయించేదని రాయి. నేను మంచిగున్న. మిరపకాయ సీజను ఉగాదికి అయిపోతది. అయిపోంగనే వస్త. ఈసారి ఒట్టు, తప్పకుండ వస్త. రాసినవా?"

రాశాను. చచ్చిపోయిన మనిషికి దండాలు రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని వాడంతా మెచ్చుకుంటుంది. ఆ గుండ్రటి అక్షరాలతోనే రాశాను.

"కండ్లకు ఆపరేషన్ జేపిద్దాం, హనుమకొండ దవాఖానల మంచిగ జేస్తాండ్రట, నా దగ్గరనే ఉండమని రాయి. ఆరు నెల్లు అన్న దగ్గర, ఆరు నెల్లు నా దగ్గర. ఎప్పుడూ కొడుకేనా? బిడ్డ లేదా?"

కలం ఆగింది. అక్షరాలు అలుక్కుపోయాయి. సిరా వల్ల కాదు.

"ఏంది సారూ, జల్దిన చెప్తున్ననా?" అని నవ్వుతూ ఆమె బల్ల వైపు వంగింది. కిషన్ రావు తెచ్చిన కార్డు టైపు మిషన్ పక్కన ఉన్నదున్నట్టే ఉంది. చింపిన మూల ఆమె వైపే ఉంది. చూసింది.

ఏడాది కిందటైతే మూల చింపిన కార్డు చూడగానే ఆ మనిషి గుండె జారిపోయి ఉండేది. ఎవరిది సారూ, ఎవరు పోయిండ్రు అని అరిచి ఉండేది. వాడలో ఏ ఆడమనిషైనా అంతే. ఆ భయాన్ని నేనే పోగొట్టాను. కట్టలు కట్టలుగా మూలలు చింపి, నవ్వులాట చేసి, లడ్డూలు పంచి పోగొట్టాను.

యాకమ్మ పకపకా నవ్వింది.

"ఇంక వస్తనే ఉన్నయా సారూ, గా టానికు కార్డులు? ఎంత సిగ్గులేని కంపెనోళ్లు!" అంటూ కార్డు అందుకుని, చింపిన కార్డులు వేసే అట్టపెట్టె వైపు చెయ్యి చాపింది.

"వద్దు!" అన్నాను. లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. "యాకమ్మా, దాన్ని పడెయ్యకు. అది టానిక్ కార్డు కాదు."

"మరేంది?"

"నీది. నీ పేరు మీద వచ్చింది. భీవండి నుంచి."

ఆమె మొహం వెలిగిపోయింది. నా జన్మలో ఇంకొకసారి అట్లాంటి వెలుగు చూడకూడదు.

"మా అన్న రాసిండా! ఎప్పుడొచ్చింది సారూ? చెప్పవేంది మరి!"

మిరప కారం అంటుతుందేమోనని వేళ్లు కొంగుకు బాగా తుడుచుకుంది. కార్డును రెండు చేతులతో పట్టుకుని ఒకసారి కళ్లకద్దుకుంది. నేను సగం రాసిన కార్డును పక్కకు జరిపి, ఆ చోట దాన్ని నా ముందు పెట్టింది.

"నాది తర్వాత రాద్దువు గని" అంది. "అమ్మ ఏమన్నదో ముందు గది చదువు."